ఎనిమిదో గీత

హాలియా మెయిన్ రోడ్డు మీద నాది మోటర్ వైండింగు షాపు.
పగలంతా కాలిన రాగి తీగ పీకుతా,
కొత్తది చుడతా, వార్నిష్ పోసి ఎండబెడతా.
రాత్రి తొమ్మిదైతే షట్టర్ సగం దించి
ఏడు మెగాహెర్ట్జ్ మీద చెవి పెడతా.

ఏం వినబడుద్ది, వరి పొట్టకొచ్చిన రోజుల్లో?
రైసుమిల్లు గుర్రు, పక్కింటి బల్బుల జుమ్ము,
సోలార్ ప్లేట్ల కింది ఇన్వర్టరు గోల.
అన్నిటి అడుగున, వడ్ల రాశిలో ఒక్క బియ్యపు గింజలా
కొలంబో ఆయన గొంతు.

అందుకే తెప్పించిన నల్లపెట్టె.
సబ్బు బిళ్లంత ఉంటది.
రేడియోకూ స్పీకరుకూ నడుమ
పంచాయితీ పెద్దమనిషి లెక్క కూసుంటది.
మీట తిప్పితే మూడో గీతకు మిల్లు ఆగింది.
ఐదుకు బల్బులు ఆరినయి.
ఎనిమిదికి
హాలియానే లేదు.

ఆయన మాట మాత్రం నీళ్లల్లోంచి వచ్చినట్టు.
దగ్గు రాలే.
దగ్గు కూడా రొదే అనుకున్నట్టుంది పెట్టె.
ఎట్లున్నవంటే బాగున్ననన్నడు,
నేనూ నమ్మిన.

తెల్లారి ట్రాలీ ఆటోలో సైదులు వచ్చిండు,
ఏడున్నర హెచ్‌పీ మోటరు దించిండు.
మూత ఇప్పితే మాడు వాసన.
ట్రాన్స్‌ఫార్మర్ కాడ కటౌట్ వదులై
చిటచిటమని నిప్పులు రాలినయంట,
రెండు ఫేజుల మీద రాత్రంతా మూలిగిందంట.
నేను చుట్టిందే. నాలుగు నెలలు కాలే.

ఆ చిటచిట నాకెరికే.
మంగలంలో పేలాలు ఎగిరినట్టు వస్తది రేడియోల.
ఇన్నేండ్లు దాన్ని తిట్టుకుంటనే
లైన్‌మన్ బక్కయ్యకు ఫోన్ కొట్టేటోణ్ణి.
ఆయన నన్ను తిట్టుకుంటనే పోయి బిగించొచ్చేటోడు.
ఎవల మోటరో ఇద్దరికీ తెల్వదు.

సైదులు కాడ కూలి తీసుకోలే.
"ఎందుకన్నా?" అన్నడు.
"తీగ మిగిలింది లే" అన్న.
రాగి ధర ఎంతో ఆయనకూ తెలుసు,
నా మొఖం చూసి ఊకున్నడు.

పెట్టె పారెయ్యలే, పదకొండు వేలు పెట్టిన.
మీటను మాత్రం మూడు దాటనియ్య.
మిల్లు ఆగితే చాలు,
బల్బులు జుమ్మంటే అననీ.

నిన్న రాత్రి కొలంబో ఆయన దగ్గిండు,
మూడుసార్లు, లోతుగా.
డాక్టరుకు చూపించినవా అని అడగబోతుంటే
నడుమ ఎక్కడో చిట్‌మంది.
ఒక్క నిమిషం ఆగమని చెప్పి
మైకు బల్ల మీద పెట్టి
బక్కయ్య నంబరు వెతికిన.