పీతకి ఎన్ని కాళ్ళు

నెలలో రెండో ఆదివారం.
నర్సాపురంలో, రేవుకెళ్ళే దారిలో
కొబ్బరితాళ్ళ కొట్టు మీద గది.
మెట్లెక్కుతుంటే పీచు వాసన వెంటొస్తుంది,
ఇంటికెళ్ళాక కూడా చీర కుచ్చిళ్ళలో ఉంటుంది.

మేం ఆరుగురం.
రిజిస్టర్లో మాత్రం ఏడుగురం.
ధనకోటి గారు చేపల మేత కంపెనీలో చేరాక
ఆదివారాలు కూడా చెరువుగట్టు మీదే.
ఆయన కుర్చీ తీయలేదు,
దానిమీద కాగితాలు పెట్టుకుంటాం.

పిల్లల పుస్తకాలు చేస్తామంటే
"ట్యూషనా అండీ?" అంటారు.
తాళ్ళ కొట్టాయన అయితే వచ్చినవాళ్ళకల్లా
"పైన బొమ్మలకి రంగులేసుకుంటారండి, పెద్దాళ్ళే" అని చెప్తాడు.
నిజమే కదా అని ఊరుకుంటాం.

వారమంతా పోస్టాఫీసులో
పెద్దవాళ్ళ అంకెలు కలుపుతాను.
ఆదివారానికి నాలుగు వాక్యాలు పట్టుకొస్తే
మూడు కొట్టేస్తారు.
సుగుణరత్నం మాస్టారు ఎర్రపెన్ను మూత తీసిన చప్పుడికి
నాకిప్పటికీ వెన్ను నిటారవుతుంది.
"అనంతమైన, అన్నావు.
ఆరేళ్ళ పిల్ల నోట్లో పట్టుద్దా అమ్మా ఇది?"

ఇందుమతి లేసు అల్లే చేత్తోనే బొమ్మలేస్తుంది,
ఆమె కొంగకి ఈక ఈకకీ ముడి ఉంటుంది.
మస్తాన్‌వలి గారు పడవలకి పేర్లు రాస్తారు,
లారీల వెనక కళ్ళు గీస్తారు.
ఆయన వేసిన ఏ జంతువైనా
కాస్త హారన్ కొట్టమన్నట్టే చూస్తుంది.
ఒకరిది బాగా కుదిరిన రోజు
మిగతావాళ్ళకి టీ చేదుగా ఉంటుంది.
అదీ రాసుకోవాలి.

మొన్న గోదారి ఎర్రబడ్డ వారం,
నా కథ మండపీత పెళ్ళి.
డెక్కలు కాక ఎనిమిది కాళ్ళు,
ఏ కాలు ముందెయ్యాలో తెలియని పెళ్ళికొడుకు.
ఎనిమిది అన్నమాట ఐదుసార్లు పెట్టాను,
పిల్లలు వేలు పెట్టి లెక్కపెడతారని.

మస్తాన్‌వలి గారు పన్నెండు బొమ్మలూ పరిచారు.
బురద, కాలు పెడితే దిగబడేలా ఉంది.
అందరం ఆహా అన్నాం.
టీ తెచ్చిన మావుళ్ళు మాత్రం
గ్లాసుల స్టాండు దించకుండానే అన్నాడు:
"ఏడే ఉన్నాయి."

లెక్కపెట్టాం.
పన్నెండు పేజీల్లోనూ ఏడే.

కింద తాడు పేనే మిషను తిరుగుతూనే ఉంది.
మాస్టారు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశారు.
మస్తాన్‌వలి గారు కళ్ళజోడు తుడుచుకున్నారు, చాలాసేపు.
మళ్ళీ వెయ్యాలంటే ప్రెస్సు తేదీ దాటిపోద్ది.
కథలో ఎనిమిదిని ఏడు చేస్తే
పీతే అబద్ధమైపోద్ది.

మా బాధేంటో మావుళ్ళుకి అంతుబట్టలేదు.
"దెబ్బలాటలో ఊడిపోయుంటాది.
మా నాన్న వల్లో అలాంటియ్యి శానా పడతాయి.
గుల్ల ఇడిసినప్పుడు మళ్ళీ మొలుత్తాది గదా,
సిన్నది, మెత్తగా."
అనేసి గ్లాసులు పంచాడు.

ఆ రాత్రి పెళ్ళి కథ చింపేశాను.
బాజాలు పోయాయి, విడిదిల్లు పోయింది,
ఐదుసార్ల ఎనిమిదీ పోయింది.
ఎవరైనా అడిగేలోపే బొరియలోకి జారుకోవడం
అలవాటైన ఒక పీత మిగిలింది.
బొమ్మల్లో పందిరి అనుకున్నది మడచెట్టయింది.
పదమూడో బొమ్మ ఒక్కటే కొత్తది:
ఎనిమిదో కాలు, గడ్డిపరకంత.
దానికి రంగు వెయ్యలేదాయన,
కాగితం తెలుపే వదిలేశారు.

నీళ్ళు తేటపడ్డాక
పుస్తకాల కట్టతో పంటు ఎక్కాం, ఆయనా నేనూ,
సఖినేటిపల్లి బడికి.
నడిగోదారిలో, ఇంజను మోతలో అన్నారు:
"మర్చిపోలేదమ్మా ఆ కాలు.
ఎడమకన్ను మసకేసి రెండేళ్ళవుతుంది.
అటు అంచు నాకు తెలవదు."
ఏమనాలో తోచక
కట్టకి తాడు బిగించాను, బిగిసే ఉన్న తాడు.

అవతలి ఒడ్డున రెండో తరగతి
ఒకటీ రెండూ అని అరిచి అరిచి
ఏడు దగ్గర ఆగిపోయింది.
ఒక పిల్ల పేజీ వెనక్కి తిప్పి చూసింది,
కాలు అక్కడేమన్నా పడిపోయిందేమోనని.

మాస్టారికి చెప్పలేదు. ఇందుమతికీ చెప్పలేదు.
ఆ తర్వాతి రెండో ఆదివారం
ధనకోటి గారి కుర్చీ మీద కాగితాలు తీసి
మస్తాన్‌వలి గారి ఎడమపక్కకి జరుపుకున్నాను.
ఆయన గీస్తుంటే
అటువైపువి నేను లెక్కపెడతాను,
పెదవి కదపకుండా.