కమాను కింద

శుక్రారం పొద్దున మనామాల
షట్టర్లు దించిన బంగారం దుకాండ్ల వెనక
గడియారం చూసుకుంట నడుస్తున్నది సువార్తమ్మ.
మేడమ్ ఇచ్చింది రెండున్నర గంటలు.
అండ్ల ముప్పావు గంట బస్సే తిన్నది.

"రావయ్యా కనకాచారీ, భయమెందుకు?
లోపలున్నాయన మీవోడే,
వడ్రంగోడే" అన్నది.
రాజోలు మాట. ఆమె ఏం చెప్పినా
సగం ఎగతాళి, సగం ప్రార్థన.

నేను మొక్కనీకి రాలె,
కమాను చూడనీకి వచ్చిన.
పదకొండేండ్లు ఈ దీవిల
చదరం కిటికీలకే పలకలు కొట్టిన.
కొన తేలిన కమాను ఒకటున్నదని
రెండు అరచేతులు జోడించి చూపించింది ఆమె,
అంట్లు తోమి పగిలిన చేతులు.

చిన్నదే గుడి.
చుట్టూ అద్దాల మేడలు, దాని మీదికి వంగి
ఎండను దాని గోడకే కొడుతున్నయి.
సముద్రపు రాయి, సున్నం,
రాతిల ఇరుక్కున్న గవ్వ ముక్కలు.
గోథిక్ అంటరట.
గేటు కాడి ఇద్రీస్ చెప్పిండు, సూడాన్ మనిషి,
సగం హిందీ, సగం చేతులు:
ఈ జాగ ఒక షేకు ఇచ్చిండట,
కాన్పుల చావు దాకా పోయిన బిడ్డను
మిషను డాక్టరమ్మ బతికిచ్చినందుకు.
గంటేమో దర్యా అవతలి రాణి పంపిందట.
తలుపుల టేకు మలబారు నుంచి పడవల.
"నిజమేనా భాయ్?"
నవ్విండు. "నా ముందటి వాచ్‌మన్ చెప్పిండు."

గుమ్మం పక్కన ఇత్తడి పలక,
దాని నిండ రాజుల పేర్లు.
దినాం తుడుస్తరేమో,
నా మొఖం అండ్ల పచ్చగ కనవడ్డది,
కామెర్లొచ్చినోని లెక్క.

లోపల తెలుగు పాట అందుకున్నరు,
ఎవరి శ్రుతి వాళ్లదే.
చెప్పులు ఇడిచి తల ఎత్తిన.

కమాను పుట్టుక నాకు ఎరికే.
ముందుగాల కట్టె నిలవడ్తది,
ఒక్కొక్క రాయిని ఒళ్లె కూసోపెట్టుకుంటది.
నెత్తి మీది ఆఖరి రాయి దిగినంక,
రాళ్లు ఒకదాన్నొకటి నమ్మినంక,
కట్టెను ఇప్పేస్తరు.
సాయంత్రం దానితోనే అన్నం వండుకుంటరు.

మూడో స్తంభం వెనక, చీకట్ల,
గిలాబు సాపు చెయ్యని జానెడు జాగ దొరికింది.
సున్నంల పలక అచ్చు పడ్డది:
చారలు, చారల నడుమ ఒక కన్ను,
పక్క పలక అరంగుళం జారిన మెట్టు.
నేను గట్ల చేస్తే
ఫోర్‌మన్ నోట్ల నా అమ్మ పేరు వచ్చేది.

బల్లెక్కి ఏలు పెట్టిన.
ఎన్నడో కాలిపోయిన కట్టె
ఏలుకు గరుకుగ తాకింది.
ఏ ఊరోడో. బలూచో, కచ్చో, మనోడో.
మేకులు నోట్లె పెట్టుకొని
నా లెక్కనే ఒక కన్ను మూసి చూసి ఉంటడు.
ఆ దినం వానికి జ్వరముండెనేమో,
ఉత్తరం వచ్చుండెనేమో.

పాట ఆగినట్టున్నది. ఎన్కకు తిరిగితే
పంతులు చూస్తున్నడు. అందరు చూస్తున్నరు.
సువార్తమ్మ కొంగుల నవ్వుకుంట
బల్ల దిగమని సైగ చేసింది.

బస్సుల అడిగింది:
"ఏం మొక్కుకున్నావయ్యా అంతసేపు?"
"అది టేకు కాదు" అన్న.
"టేకుకు అసొంటి కన్ను ఉండది.
ఏ పెట్టె ఇరిచి కొట్టిండో,
చాయ్ పెట్టెనో, ఖర్జూరం పెట్టెనో."
ఆమె ఇంటలేదు.
గడియారం దిక్కు చూస్తున్నది.
ఇంక తొమ్మిది నిమిషాలున్నయి,
సిగ్నలేమో ఎర్రగనే ఉన్నది.