ఎడమ స్పీకర్

పిచ్చాటూరు డ్యాంలో తిరిగే ఈ బోటు నాది కాదు,
పాట మాత్రం నాదే.

తడికి ఉబ్బిన పాత కోన్లు
జలుబు చేసిన మేనమామ మాదిరి పలుకుతా ఉంటే
తిరుపతికి పోయి ఆరంగుళాల జత తెచ్చినా.
తుప్పు స్క్రూలు మూడు వచ్చినాయి.
నాలుగోదానికి కొబ్బరినూనె, రెండు బూతులు.

ఎర్రతీగ, నల్లతీగ తారుమారైనట్టుంది,
రెండూ అరుస్తాయి గానీ డోలు మునిగిపోయింది.
దూరంగా పుట్టిలోంచి ఏకాంబరం:
"ఏందప్పా, పాటకు కడుపే లేదే!"
మార్చినా.
బల్ల అదిరింది, దానికింద నీళ్లూ.

ఎడమ కంతలో
కుమ్మరిపురుగు మట్టిగూడు, ఇంకా పచ్చిగానే.
గీకబుద్ధి కాలేదు.
ఒత్తుకోకుండా బిగించినా.

ఓనరు చెవి ఆనించి
"ఎడమది రవ్వంత మూసుకున్నట్టుందే?"

కొత్తది గదా సార్,
నెలరోజులు పోనీ,
తెరుచుకుంటుంది.