లష్కరు

జానయ్యా,
డాక్టరు కాయితం మీద గీసిన గొట్టం
నాకైతే మన ఎడమ కాల్వ లెక్కనే కనవడ్డది.
లోపలి పొర చినిగి
పొరకూ పొరకూ నడుమ
నెత్తురు దారి చేసుకుంటున్నదట.
బుంగ వడ్డదా సారూ అని అడగబోయి
ఊకున్న.

ముప్పై ఏండ్ల సంది కట్టకు చెవి ఆనిచ్చి
ఎండ్రకాయ బొక్క ఏడున్నదో చెప్పెటోనివి,
నీ రొమ్ముల సప్పుడు ఇనవడలేదా?
ఈపుల నొస్తున్నదని
బాము రాయించుకొని పన్నవు.

హాలియ నుంచి అంబులెన్సు పోయినంక
నీ టార్చిలైటు, తూము తాళంచెయ్యి
నా దగ్గర్నే ఉన్నయి.
ఒళ్లు మంచుగడ్డ చేస్తరంట,
గుండె ఆపుతరంట,
మెదడుకు మాత్రం సన్నగ పారిస్తరంట.
నీళ్లు బందు వెట్టకుంట గండి పూడ్వరాదని
ఇంజనీరుతోని కొట్లాడింది నువ్వే గదా.

పదకొండు గంటలాయె.
ఈదమ్మ ఫోన్ల ఏడుస్తలేదు,
"ఇంక కుట్టలేదు" అంటది, పెట్టేస్తది.
నేను కట్ట మీద తిరుగుతున్న.
కనవడ్డ ప్రతి బొక్కల
మన్ను నూకి చెప్పుతోని తొక్కుతున్న,
ఎండ్రకాయలు నన్ను తిట్టుకోని.

మూడింటికి స్కేలు చూసిన:
నాలుగడుగుల రెండంగులాలు.
రిజిస్టర్ల నీ సంతకం నేనే వెట్టిన,
గా వంకర 'జా' తోని.
దొంగ సంతకమే.
నువ్వొచ్చి కొట్టెయ్యి.