మంట తెలియని ముక్కు

కోళ్ళు ఎట్లా మొదలెట్టాలని అడిగావు కదా దీనమ్మా,
ఆ బస్తా ఇటు లాగు, తొడాలు తీస్తూ చెప్తా.

ముందు రంగు పిల్లల జోలికి పోకు.
గులాబీ, ఆకుపచ్చ అద్ది బడి గేటు ముందు అమ్ముతారే,
రంగు కన్నా ముందే ప్రాణం వెలిసిపోతుంది వాటికి.
శుక్రవారం సంగడిగుంట మలుపులో
మోపెడ్ వెనక గంప కట్టుకుని బాజీ వస్తాడు.
నాటు పిల్లలు, జత అరవై అంటాడు.
పోయినేడు నాలుగూ నూటికి అడిగా, గొణిగి ఇచ్చాడు.
మా నిస్సీ వాటిని లంచ్ బ్యాగులో ఇంటికి తెచ్చింది,
జిప్పు సగం తెరిచి,
దారంతా లోపలికి చూసుకుంటూ.

టీవీ వచ్చిన అట్టపెట్టె, అడుగున ఊక,
పైన జానెడు ఎత్తులో అరవై బల్బు.
పిల్లలన్నీ బల్బు కిందికి దూరితే చలి,
మూలలకు పారిపోతే ఉక్క,
ఎటుబడితే అటు తిరుగుతుంటే సరిపోయినట్టు.
ఖాసింబీ చెప్పింది ఇదంతా.
నీళ్ళ మూతలో గులకరాళ్ళు వెయ్యమన్నదీ ఆవిడే,
లేకపోతే మునిగి చస్తాయంట.
మూతెడు నీళ్ళు, చూడు.

ఏడో రోజు కంట్లో చుక్క మందు.
పశువుల ఆసుపత్రిలో ఐసుముక్కల మధ్య పెట్టిచ్చారు.
నా చేతుల సంగతి నీకు చెప్పేదేముంది,
మజ్జిగలో ముంచినా, నూనె రాసినా
గోళ్ళ సందున కారం గోళ్ళ సందునే.
ఫిబ్రవరి నుంచి మే దాకా
కన్నకూతురి మొహం తాకని చేతులివి.
అందుకని చుక్క నిస్సీయే వేసింది.
నేను పక్కన నిలబడి సీసా మూత పట్టుకున్నా.

తొమ్మిదో రాత్రి కరెంటు పోయింది.
పని అలుపు, మెలకువ రాలేదు.
వచ్చేసరికి ఒకటి బిగుసుకుపోయి ఉంది.
మిగతా మూడూ కీచుమంటున్నాయి,
చేతులు కడిగా, మళ్ళీ కడిగా,
ఎత్తడానికి ధైర్యం చాలలా.
ఆఖరికి పెట్టెనే ఒంచి ఒళ్ళోకి పోసుకున్నా,
పాత చీర చెంగు కప్పి
పొట్టకు ఆనించుకుని కూర్చున్నా తెల్లారిందాకా.
నిస్సీ ఒకటే ఏడుపు. మోచేత్తో తుడిచా.
ఈ కాలంలో మా ఇంట్లో కన్నీళ్ళకి మోచెయ్యే.

నవ్వకు, ఇది విను.
నెల తర్వాత, యార్డు నుంచి పోయి
గడపలో నిలబడి చీర దులిపా.
గింజలు రాలాయి. తేజ రకం,
ఈ షెడ్డంతా తుమ్మించే రకం.
ఎర్రది వచ్చి టకటకా ఏరుకుంది.
నేను లబలబలాడా, చచ్చిందే అనుకున్నా.
అది నీళ్ళ వైపు కూడా చూళ్ళా!
ఇంకేమన్నా ఉన్నాయా అని
నా వేళ్ళు పొడిచి చూసింది,
ఒక్కో గోటి సందూ, ఓపిగ్గా.

పిట్టలకు కారం తెలియదే పిచ్చిదానా,
చిలక మిరపకాయ తినట్లా? అంది ఖాసింబీ.
ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ముక్కు కట్టుకుని కూర్చున్నా,
నాకు తట్టలేదు.
నా చెయ్యంటే భయం లేని ప్రాణి
ఈ గుంటూరులో ఉంటుందని.

గూడంటావా, పాత కూలర్ డబ్బా.
మూడు వైపులా జాలి ముందే ఉందిగా,
ముంగిస తొలవకుండా అడుగున రేకు పరిచా.
పొద్దువాలితే ఎవరూ తోలకుండానే ఎక్కుతాయి.
మూడింట్లో ఒకటి పుంజని తర్వాత తేలింది.
వీధి దీపం చూసి తెల్లారిందనుకుని
రెండున్నరకే కూస్తుంది.
ఓనరమ్మ రెండుసార్లు అరిచింది,
మూడోసారి నాలుగు గుడ్లు పంపా,
అప్పట్నించి కూత వినపడట్లేదంట ఆవిడకి.
సొన చూడాలి, పసుపు కాదు, ముద్దబంతి రంగు.

మొన్న గుడ్డు తియ్యబోతే ఇంకా వెచ్చగా ఉంది.
పని టైమయిందని తెలుసు,
అయినా అరచేతిలో పెట్టుకుని కాసేపు నిలబడ్డా.

మేస్త్రీ వస్తున్నాడు, చెయ్యి ఆడించు.
శుక్రవారం, మలుపు దగ్గర. బేరమాడు.
జిప్పు మాత్రం సగం తెరిచి ఉంచు.