పగిలినవాటి పద్దు

డిగ్రీ పట్టా మీద రెక్టరు సంతకం ఉంటుంది.
దానికి ముందు, బాకీ లేదని రాసే
పసుపు కాగితం మీద నాది.
ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఉలాన్‌బాతర్‌లో
జీవశాస్త్రం పిల్లల గాజు కడుగుతున్నాను.
నన్ను దాటకుండా ఎవరూ పట్టభద్రులు కాలేదు.

పేర్లు పుస్తకంలో ఉంటాయి.
నాకు గుర్తుండేది పగలగొట్టింది.
సొలొంగో: రెండు బీకర్లు, ఒక థర్మామీటరు.
పాదరసం గచ్చు మీద పారిపోతుంటే
వెనకాలే మోకాళ్ల మీద పాకుతూ నవ్వింది. తిట్టాను.
ఇప్పుడు గోబీలో ఎక్కడో బల్లుల్ని లెక్కపెడుతోందట.
ఖాలియున్ నాలుగేళ్లూ ఏమీ పగలగొట్టలేదు.
ఆ పిల్ల ముఖం ఎంత తలుచుకున్నా రాదు.

మైనస్ ముప్ఫై ఐదు పొద్దుల్లో
బొగ్గు పొగ కిటికీ దాకా వచ్చి నిలబడుతుంది.
మైక్రోస్కోపుల మీద గుడ్డలు తీసి
పిల్లలు వేళ్ల మీద ఊదుకుంటారు.
అద్దం మీద ఊదకండర్రా, మసకేస్తుంది, అంటాను.
ఉల్లిపొర తీయడం చేతకాని వాళ్లకి
నేనే తీసిచ్చాను.
ఆ మార్కులు ఎవరివో అడక్కండి.

గొర్రె గుండె కోసే రోజు
అందరూ బొమ్మ చూసి కత్తి పట్టారు.
గాంఖుయాగ్ కత్తి ముట్టుకోలేదు.
రెండు వేళ్లు గుండె మీదుగా పోనిచ్చి
కళ్లు మూసుకుని, మహాధమని దగ్గర ఆగాడు.
"ఇక్కడ తెంపితే చాలు, అరవదు.
నెత్తురు నేల మీద పడదు. మా నాన్న నేర్పాడు."
అధ్యాపకుడు సుద్దముక్కతో కాసేపు నిలబడిపోయాడు.
తర్వాత దాన్ని లాటిన్‌లో ఎలా రాయాలో చెప్పాడు.
వాడు రాసుకున్నాడు, తప్పు లేకుండా.

మూడో ఏడు జుద్ వచ్చింది.
మంచు కింద గడ్డి ఉండీ, పైన గడ్డకట్టి,
మూతికి అందక
మందలు నిలబడ్డవి నిలబడ్డట్టే పోయే చలికాలం.
"నాలుగువందల పన్నెండా?" అన్నాడు ఫోన్‌లో, మెట్ల మీద.
ఆకలేసిన కణం ముందు ఏం తింటుంది,
అదీ అయిపోతే ఏం తింటుంది,
సరిగ్గా ఆ వారమే ఆ పాఠం.
పరీక్ష రాశాడు. నూటికి తొంభై ఒకటి.
వెళ్లిపోయాడు.

మొన్న జూన్‌లో యాభై నలుగురు.
పట్టు దేల్ కోట్లు, నల్ల టోపీలు,
చౌరస్తాలో గుర్రం విగ్రహం కింద ఫోటోలు.
అంతకు ముందు నా బల్ల దగ్గర వరుస.
బాకీ తీరిన పేరు మీద ఎర్రగీత కొడతాను.
ఒకడు పిపెట్ డబ్బులు నన్నే అప్పడిగాడు.
ఇచ్చాను. అదీ రాసుకున్నాను.

నూట ఎనభయ్యో పేజీలో ఒక పేరు మీద గీత లేదు.
"గాంఖుయాగ్. పెట్రీ పళ్లెం, ఒకటి."
దాని ఖరీదు ఒక పాల టీ అంత.
నేనే కట్టేయొచ్చు.
కడితే లెక్క తేలిపోతుంది,
లెక్క తేలినవాళ్లు మళ్లీ ఇటు రారు.

పుస్తకం నిండింది. కొత్తది ఇచ్చారు.
మొదటి పేజీలో, అందరికంటే పైన,
పాత నిల్వ కింద
వాడి పేరు ఎత్తి రాశాను.