ఇరవై ఒక్క రోజులు

తలుపు తెరవకముందే అరుపు లోపలికొచ్చింది.
బయట కార్ల మీద మంచు గీకుతున్నవాళ్లు కూడా ఆగి చూశారు,
ఎవరినో కోస్తున్నారేమోనని.
నేను చెవుల్లో బిరడాలు పెట్టుకుని
జేబులో వేరుశనగ ముద్ద ఉందో లేదో తడుముకున్నాను.

మిన్నెసోటా. ఫిబ్రవరి. మైనస్ ఇరవై రెండు.
ఓర్విల్ లిండ్‌క్విస్ట్ తన పందిని రెండు దుప్పట్లలో చుట్టి
పిల్లలాడుకునే మంచుబండి మీద లాక్కొచ్చాడు.
పేరు అగాథ.
"ఇరవై కేజీలు దాటదని అమ్మినవాడు ఒట్టేశాడు."
కాటా మీద అరవై ఎనిమిది.
అమ్మినవాళ్ల ఒట్లన్నీ ఈ కాటా మీద
పదకొండేళ్లుగా నేనే తూస్తున్నాను.

పట్టుకుందామంటే పందికి మెడ లేదు.
డాక్టరుగారు పక్కగదిలో ఎవరి కుక్క పొట్టో కుడుతున్నారు.
అందాకా నేలమీద చతికిలబడటం నా ఉద్యోగం.
పందికి తలెత్తి చూడటం చేతకాదు,
నిలబడ్డ మనిషంటే దానికి
రెండు బూట్లు, ఒక అనుమానం.

పందికేం తెలుసు పన్నీరు వాసన అంటారు గానీ
నేను చేతిసబ్బు మార్చానని దానికి తెలుసు,
రాత్రి ఒలుచుకున్న నారింజ తెలుసు,
ముద్ద ఎడమ జేబులో ఉందనీ తెలుసు.

అరుపు గుర్రుగా దిగింది.
గుర్రు ఊపిరిగా దిగింది.
ముందుకాలి వెనక మెత్తటిచోట గోళ్లతో గీరితే
అరవై ఎనిమిది కేజీలూ ఒక్కసారిగా
నా మోకాలి మీదికి ఒరిగాయి.
అప్పుడు ముట్టె మీద మత్తు మూత.
అప్పుడు చెవి మీద నీలిగీత, సన్నటి సూది.

గిట్టలు పాత చెప్పుల్లా పైకి తిరిగిపోయాయి,
ఒకదాని లోపల చీము.
డాక్టరుగారు కోస్తుంటే నేను ఊపిరి లెక్కపెట్టాను.
మత్తులో పంది ఒళ్లు కాలిందంటే మళ్లీ దించడం కష్టం,
అందుకని నిమిషానికోసారి థర్మామీటరు.
దగ్గర్నించి చూస్తే దాని కనురెప్పలకు తెల్లటి వెంట్రుకలు.
ఈ మాట నాకు ఏ తరగతిలోనూ చెప్పలేదు.

ఓర్విల్ గోడవార కూర్చున్నాడు.
కుడిచేతికి నాలుగు వేళ్లు.
"ముప్పై ఒక్క ఏళ్లు, ప్యాకింగ్ ప్లాంటులో,"
ఎవరూ అడగకుండానే అన్నాడు.
నా చేయి దాని చెవి వెనక ఆగినప్పుడు
"సరిగ్గా అక్కడే," అన్నాడు,
మిగతాది మింగేశాడు.

ఇక చీటీ రాయాలి.
మంచం పక్కన పడుకోనీ, పుట్టినరోజు చేయనీ,
చట్టానికి పంది పందే, తిండికింద లెక్క.
మందు సీసా మీద ఒక వరుస తప్పనిసరి:
"ఇరవై ఒక్క రోజుల వరకు కోయరాదు."
ఈ వరుస చూసి కొందరు నవ్వారు, కొందరు కేకలేశారు,
ఒక పిల్లాడు మాత్రం నా చొక్కా లాగి అడిగాడు,
ఇరవై రెండో రోజున ఏమవుతుందని.

ఓర్విల్ కళ్లద్దాలు తుడిచి పెదాలు కదుపుతూ చదివాడు.
నేను సంజాయిషీ మొదలుపెట్టేలోపు చేయి ఎత్తాడు.
"తెలుసమ్మా. ఈ చీటీని
నేను అవతలి గుమ్మంలో నిలబడి చదివేవాణ్ని."

అగాథ లేచేదాకా దాని తల నా తొడమీదే ఉంది.
కాళ్లు తిమ్మిరెక్కాయి. ముందు ముట్టె కదిలింది,
తర్వాత ఒక కన్ను,
తర్వాత సిగ్గులేకుండా ఎడమ జేబు.

వెళ్లేముందు గుమ్మంలో ఆగి
గొంతు తగ్గించి అడిగాడాయన:
"ఇరవయ్యో రోజున వచ్చి
ఇంకో సూది వేయించుకోవచ్చా? ఊరికే. ఆ తర్వాత మళ్లీ?"
అవసరం లేదన్నాను, నా పని అలా అనడమే.
మందు ఊరికే ఇవ్వకూడదన్నాను.
ఆయన తలూపి బండి తాడు చేతికి చుట్టుకున్నాడు.

అపాయింట్‌మెంట్ల పుస్తకం తెరిచి
వేళ్లమీద రోజులు లెక్కపెట్టుకుని,
ఇరవయ్యో దాని పక్కన అగాథ అని రాశాను.
కారణం అన్న గడిలో
కాసేపు ఏమీ తోచలేదు.
చివరికి "బరువు చూడటానికి" అని రాసి
నేల కడగడానికి బకెట్టు తెచ్చుకున్నాను.